పెట్ట చేసే పని పెట్టె చేయాలంటే

ప్రశ్న: అన్నా, మాది కదిరి దగ్గర పల్లె. ఎనిమిది నాటు పెట్టలు, ఒక పుంజు ఉండాయి. పోయిన ఫిబ్రవరిలో వీడియోలు చూసి థర్మాకోల్ పెట్టెలో 60 వాట్ల బల్బు, వేడి చూపించే చిన్న బోర్డు, ఒక గిన్నెలో నీళ్లు పెట్టి ఇంక్యుబేటరు చేసినాను. ఫ్యాను పెట్టలేదు. పదహైదు రోజులు కూడబెట్టిన 30 గుడ్లు అందులో పెట్టినాను. 20వ రోజు నుంచి 23వ రోజు దాకా ఎదురుచూస్తే నాలుగు పిల్లలే లేచినాయి. మిగిలినవి పగలగొట్టి చూస్తే ఏడు తెల్లగా ఉండాయి. ఎనిమిదింట్లో పిల్ల మధ్యలోనే ఆగిపోయింది. పదకొండింట్లో పూర్తిగా తయారై లోపలే చచ్చిపోయింది. వాటిలో రెండు ముక్కుతో చిల్లు కూడా పెట్టినాయి, పొర ఎండిపోయి ఈకలకు అతుక్కుపోయింది. అదే వారం మా అత్త పెట్ట కింద పెట్టిన పది గుడ్లకు తొమ్మిది లేచినాయి. నేను ఏం తప్పు చేసినాను? మళ్లీ ఎట్ల కట్టుకోవాల?

సమాధానం: చెల్లెమ్మా, లేవని గుడ్లను చాలామంది ముక్కు మూసుకుని పెంటమీద పారేస్తారు. మీరు కూర్చుని పగలగొట్టి, ఏది ఏ దశలో ఆగిందో లెక్క రాసి పంపారు. మీరు అడిగిన దానికి సగం సమాధానం ఆ లెక్కలోనే ఉంది. అందుకే ముందు ఆ గుడ్ల సంగతి చూద్దాం, తర్వాత పెట్టె కడదాం.

తెల్లగా ఉన్న ఏడింటితో మొదలుపెడతాను. ఎనిమిది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది, కాబట్టి తప్పంతా పుంజు మీద వెయ్యక్కర్లేదు. గుడ్డు నిల్వ ఉండేకొద్దీ దానిలోని జీవం తగ్గిపోతుంది. వారం లోపు గుడ్లయితే మంచిది, పది రోజులు దాటితే పిల్లలు లేచేవి బాగా తగ్గుతాయి. మీరు పదిహేను రోజులు కూడబెట్టారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆగిపోయిన గుడ్డు మన కంటికి పుంజు తొక్కని గుడ్డులాగే కనిపిస్తుంది. ఆ ఏడింటిలో కొన్ని అలాంటివే అయ్యుంటాయి. ఈసారి వారంలో దొరికినన్నే పెట్టండి, పన్నెండే దొరికితే పన్నెండే. ఇంట్లో చల్లగా ఉండే మూల, తడి ఇసుక పోసిన మట్టి కుండలో మూకుడు పెట్టి, అందులో సన్న వైపు కిందికి ఉండేలా దాచండి. వంటింటి అటక మీద వద్దు, అక్కడి వేడికి గుడ్డు సగం సగం మొదలై ఆగిపోతుంది. కడగనూ వద్దు. గుడ్డు మీద ఉండే సన్నటి పూత కడిగితే పోతుంది, పెంకు రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోతాయి. బాగా పేడంటిన గుడ్డును పొదగడానికి పెట్టకుండా కూర వండుకోవడమే నయం.

మధ్యలో ఆగిపోయిన ఎనిమిదీ వేడి తేడాల వల్ల పోయాయి. నేనిలా గట్టిగా చెప్పడానికి ఇంకో ఆధారం ఉంది. మీ నాలుగు పిల్లలు 20వ రోజు నుంచి 23వ రోజు దాకా లేచాయి. కోడిగుడ్డుకు 21 రోజులు. వేడి ఎక్కువైతే ముందే లేస్తాయి, తక్కువైతే ఆలస్యమవుతాయి. ఒకే పెట్టెలో రెండూ జరిగాయంటే బల్బు కింది గుడ్లు ఉడికాయి, మూలన ఉన్నవి చలికి వణికాయి. ఫ్యాను లేకపోతే ఇంతే.

ఇక పదకొండు. ఇరవై రోజులు పెరిగి, ముక్కు, గోళ్లు, ఈకలు అన్నీ వచ్చి, పెంకు అవతల చచ్చిపోయిన పిల్లలు. ఆ బాధ నాకు తెలుసు. మాది తాడేపల్లిగూడెం వైపు. చుట్టూ చేపల చెరువులు, కాలవలు, గాలంతా తడి. నా మొదటి బ్యాచిలో కూడా సగం పైన ఇలాగే పోయాయి. కానీ నా గుడ్లు పగలగొడితే లోపల పిల్ల ఉబ్బిపోయి, మెడ దగ్గర నీరు చేరి, గుడ్డు నిండా చెమ్మ. గుడ్డు లావు వైపు లోపల ఉండే గాలి గది రూపాయి బిళ్లంత కూడా లేదు. పిల్ల ఊపిరి తీసుకోబోయి మునిగిపోయింది. మీ గుడ్లలో పొర కాగితంలా ఎండి ఈకలకు అంటుకుంది. ఫిబ్రవరిలో కదిరి గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఉతికి ఆరేసిన చీర గంటలో ఆరిపోతుంది. ఆ గాలే మీ గుడ్లలో నీటినీ లాగేసింది. నేను ఏ వీడియో చూసి గిన్నెడు నీళ్లు పెట్టి ముంచేశానో, మీరూ అదే గిన్నెడు నీళ్లు పెట్టి ఎండగట్టారు. అందుకే నీళ్లు ఎన్ని పెట్టాలి అంటే నేను లీటర్లలో చెప్పను. గుడ్డునే అడగాలి. అదెలాగో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు పెట్టె. మా వైపు రొయ్యలు, చేపలు ఎగుమతి చేసే మందపాటి థర్మాకోల్ పెట్టెలు దొరుకుతాయి. మీకు చేపల మార్కెట్లోనో మందుల షాపులోనో దొరకచ్చు. మూడు వేళ్ల మందం ఉంటే బాగుంటుంది. పాడైన ఫ్రిజ్ డొక్కు దొరికితే ఇంకా మంచిది, కడగడం తేలిక, వేడి నిలబడుతుంది. థర్మాకోల్ ఒక ఇబ్బంది పెడుతుంది. పిల్లలు లేచినప్పటి చెమ్మ, మురికి దాని గుల్లల్లోకి పోయి వాసన వేస్తుంది. లోపలంతా మందపాటి ప్లాస్టిక్ షీటు అతికించుకోండి, తుడవడానికి వీలవుతుంది.

60 వాట్ల బల్బు ఒక్కటి వద్దు. 25 వాట్లవి రెండు, ఒకదానికొకటి సంబంధం లేకుండా, పక్కపక్కన పెట్టండి. ఒకటి మాడిపోయినా రెండోది గుడ్లను కాపాడుతుంది, ఆ లోపు మీరు చూసుకుంటారు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, అది ఇచ్చే వేడి చాలదు. పాతకాలపు తీగ బల్బే కావాలి. ఈ మధ్య షాపుల్లో తగ్గిపోయాయి కాబట్టి దొరికినప్పుడే నాలుగు కొని దాచుకోండి. బల్బుల మీద రెండు వైపులా చిల్లులు కొట్టిన పాలపొడి డబ్బా బోర్లించండి. అప్పుడు వెలుతురూ వేడీ నేరుగా గుడ్డు మీద పడవు, పిల్లలు లేచాక వెళ్లి బల్బుకు కాలవు. బల్బుకూ థర్మాకోల్‌కూ మధ్య జానెడు దూరం ఉండాలి, థర్మాకోల్ ఇట్టే అంటుకుంటుంది. నీళ్లు, 230 వోల్టుల కరెంటు ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి వైరింగు మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. నీళ్ల పళ్లెం వైర్ల కింద రాకూడదు. మీ ఇంటి మీటరు దగ్గర ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకపోతే ఈ వంకతో అయినా పెట్టించుకోండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే దీనికి వెనకాడొద్దు.

కంప్యూటర్ పాత ఫ్యాను, 12 వోల్టులది, రిపేరు షాపులో అడిగితే ఇస్తారు. గుడ్ల మీదికి గాలి కొట్టేలా కాదు, డబ్బా వైపు తిప్పి పెట్టండి. వేడి గోడ వెంబడి తిరిగి పెట్టెంతా సమంగా పరుచుకుంటుంది. పెట్టె కింది భాగంలో రెండు, పైభాగంలో రెండు, వేలు దూరేంత చిల్లులు చెయ్యండి. చెమ్మ ఆగాలని వీటిని మూసేవాళ్లు చాలామంది. అదే వాళ్ల చేతులారా చేసుకునే నష్టం. చివరి మూడు రోజులు లోపలి పిల్లకు గాలి బాగా కావాలి.

మీ దగ్గరున్న బోర్డు మీరు రాసిన దాన్ని బట్టి డబ్ల్యూ1209 రకం అనుకుంటున్నాను. ఎర్ర అంకెలు, మూడు బటన్లు, పొడవాటి తీగ చివర చిన్న సెన్సరు ఉంటే అదే. చవకది, పనితనం మంచిదే. కానీ కొన్న స్థితిలోనే వాడితే ముంచుతుంది. సెట్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే పీ0 అని వస్తుంది. అక్కడ హెచ్ ఉండాలి, సీ ఉంటే అది చల్లబరిచే పనికి. తర్వాత పీ1 చూడండి. చాలా బోర్డుల్లో అక్కడ 2 ఉంటుంది. అంటే 37.5 దగ్గర బల్బు ఆపి, మళ్లీ 35.5కి పడేదాకా వెయ్యదు. మీరు 60 వాట్ల బల్బు వాడారు కాబట్టి ఆపాక కూడా గాజు వేడికి లోపల ఇంకో డిగ్రీ ఎక్కుతుంది. రోజంతా గుడ్డు ఉయ్యాల ఊగినట్టే. మీ ఎనిమిది పిల్లలు ఇక్కడే పోయి ఉంటాయని నా అనుమానం. పీ1ని 0.3కి మార్చండి.

సెన్సరు చెప్పేది నిజమో కాదో చూడందే నమ్మొద్దు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు తీసుకుని, సెన్సరునూ జ్వరం చూసే థర్మామీటరునూ పక్కపక్కన ముంచి, బాగా కలిపి, రెండు నిమిషాలాగి చూడండి. జ్వరం థర్మామీటరు సరిగ్గా మనకు కావలసిన వేడి దగ్గరే నిఖార్సుగా చూపిస్తుంది. అది 38 అని, బోర్డు 37.2 అని చూపిస్తే, ఆ తేడా సరిచేసే పీ4లో 0.8 కలపండి. ఈ ఒక్క పనీ చెయ్యక ఎన్ని బ్యాచులు పోగొట్టుకున్నారో. ఈజిప్టులో మట్టి ఇటుకల పొయ్యిల్లో వేల గుడ్లు పొదిగేవాళ్లు థర్మామీటరు లేని రోజుల్లో గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి పసిగట్టేవారట. వాళ్లకది తరాల అలవాటు. మనకు గ్లాసు నీళ్లే దిక్కు.

ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.7 సెల్సియస్ మధ్య ఉంచండి, సెన్సరు గుడ్ల పైభాగం ఎత్తులో వేలాడాలి, గుడ్డుకు తగలకూడదు. ఏ కారణం వల్లైనా ఫ్యాను లేకుండా చేస్తే గుడ్డు పైభాగం దగ్గర 38.3 నుంచి 38.9 దాకా కావాలి. గుడ్లు పెట్టేముందు ఖాళీ పెట్టెను రెండు పగళ్లు, రెండు రాత్రులు నడపండి. పూర్తి ఖాళీగా కాదు, నీళ్లు నింపిన చిన్న సీసాలు పదో పన్నెండో గుడ్ల స్థానంలో పేర్చండి. నాలుగు మూలలా, మధ్యలోనూ థర్మామీటరు మార్చి మార్చి పెట్టి కాగితం మీద రాసుకోండి. మూలకూ మధ్యకూ అర డిగ్రీ కంటే తేడా ఉంటే ఫ్యాను దిశ మార్చి మళ్లీ చూడండి. ఈ రెండు రోజులు ఓపిక పట్టలేని వాళ్లే ఇరవై ఒక్క రోజులు పోగొట్టుకుంటారు.

చెమ్మకు వస్తే, మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. గాలిలో చెమ్మ కొలిచే చవక మీటర్లు పది శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. మీ మీటరును ఇలా పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత నీరు మాత్రం చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరబడని కవరులో రాత్రంతా ఉంచండి. పొద్దున్నే 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెబుతున్నట్టు లెక్క. నీటి లోతు పెంచితే చెమ్మ పెరగదు, నీటి వెడల్పు పెంచాలి. మీకు గిన్నె చాలదు. వెడల్పాటి పళ్లెం, అందులో నిలబెట్టిన పాత నూలు గుడ్డ ముక్క. నాకైతే వానాకాలంలో మొదటి 18 రోజులు చిన్న మూతెడు నీళ్లే సరిపోతాయి, ఒక్కోసారి అదీ పెట్టను.

గుడ్డును అడగమన్నాను కదా. వంటింట్లో ఎలక్ట్రానిక్ తూకం ఉంటే చాలు. గుడ్లు పెట్టిన రోజే పదింటిని కలిపి తూయండి. నాటు గుడ్డు 45 గ్రాములనుకుంటే పదింటికి 450. పెంకు రంధ్రాల్లోంచి నీరు ఆవిరై గుడ్డు రోజూ కాస్త తేలికవుతుంది, 18వ రోజుకి సుమారు 12 శాతం తగ్గాలి. అంటే అవే పది గుడ్లు ఏడో రోజుకి 430 చుట్టుపక్కల, 18వ రోజుకి 396 దగ్గరికి రావాలి. ఏడో రోజే 420కి పడిపోయిందా, గాలి పొడిగా ఉంది, ఇంకో పళ్లెం పెట్టండి. 440 దగ్గరే నిలిచిందా, నీళ్లు తీసేయండి. మధ్యలో పాడైందని తీసేసిన గుడ్డు బరువు లెక్కలోంచి తీసేయడం మరవకండి. నా గుడ్లు మునిగిపోవడం ఆగింది ఈ తూకం మొదలుపెట్టాకే.

తిప్పిన సంగతి మీరు రాయలేదు. తిప్పకపోతే పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. పెన్సిల్‌తో ఒక వైపు సున్నా, రెండో వైపు గుణకారం గుర్తు వేసి, రోజుకు మూడుసార్లు గానీ ఐదుసార్లు గానీ తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రంతా ఒకే వైపు పడుకునే గుడ్డు మర్నాటి రాత్రి రెండో వైపు పడుకుంటుంది. మొదటి వారం అసలు తప్పకూడదు. 18వ రోజున ఆపేయాలి, అప్పటికి పిల్ల ముక్కును గాలి గది వైపు తిప్పుకుంటూ ఉంటుంది.

ఏడో రోజు చీకటి గదిలో సెల్‌ఫోను లైటు మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. సాలెపురుగు కాళ్లు చాచినట్టు ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్ల చుక్క కనిపిస్తే బతికున్నట్టే. నరాలు లేకుండా ఉంగరంలా ఎర్ర గీత ఒక్కటే ఉంటే ఆగిపోయినట్టు. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే తెల్ల గుడ్డు. ఆగిపోయినవి తీసేయండి, అవి మురిగి పగిలితే పెట్టెంతా పాడవుతుంది. పద్నాలుగో రోజు మరోసారి చూడండి. అప్పటి నుంచి పిండాలే వేడి పుట్టిస్తాయి, అందుకని బల్బు తక్కువ సేపు వెలుగుతుంది. కంగారు పడకండి, కానీ 38 దాటకుండా కాపు కాయండి.

కరెంటు పోతే మూత తియ్యొద్దు. పై చిల్లుల్లో ఒకటి తప్ప మిగతావి వదులుగా గుడ్డ పెట్టి, పెట్టె మీద దుప్పటి కప్పండి. ఇంకా ఆలస్యమైతే వేణ్ణీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి లోపల మూలలకు పెట్టండి. మీ అత్త పెట్ట కూడా రోజూ లేచి మేత మేసి, మట్టిలో పొర్లి, పావుగంటకో అరగంటకో వస్తుంది కదా. మొన్న మా ఇంట్లో పన్నెండో రోజున మూడు గంటలు పోయింది, పిల్లలు ఒక రోజు ఆలస్యంగా లేచాయి తప్ప ఏమీ కాలేదు. గుడ్డు చలిని కాస్త ఓర్చుకుంటుంది, వేడిని ఓర్చుకోదు. 41 దాటి కొన్ని గంటలుంటే బ్యాచి మొత్తం పోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మీరసలు పెట్టొద్దు. మన పెట్టె వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. గదే 40 ఉంటే బల్బు ఆగినా లోపల 40 ఉంటుంది. మీకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

18వ రోజు రాత్రి తిప్పడం ఆపి, పళ్లెం నిండా గోరువెచ్చని నీళ్లు పోసి, గుడ్ల కింద గరుకు గుడ్డ పరిచి, వేడి 37.2కి తగ్గించి మూత వేయండి. ఇక తియ్యకండి. మీ రెండు పిల్లలు చిల్లు పెట్టి ఆగిపోయాయన్నారు. చిల్లు కనబడగానే మూత తీసి చూసి, వేసి, మళ్లీ తీసి చూసి ఉంటారు. నేనూ చేశాను. తీసిన ప్రతిసారీ లోపలి చెమ్మ ఒక్క ఊపులో బయటికి పోతుంది, చిల్లు దగ్గర పొర ఆరిపోతుంది. మూతలో అరచేతంత గాజు ముక్క అతికించుకుంటే ఆ తపన తీరుతుంది. చిల్లు పెట్టాక పిల్ల పన్నెండు గంటలో, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలో కదలకుండా ఉంటుంది. చచ్చిపోయిందని కాదు. పొరలోని రక్తాన్ని, పచ్చసొనను లోపలికి లాక్కుంటోంది. ఆ సమయంలో మనం పెంకు ఒలిస్తే రక్తం కారి చస్తుంది. ఇరవై నాలుగు గంటలు దాటాక కూడా కదలకుండా, పొర గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి కనిపిస్తేనే, దూదిని గోరువెచ్చని నీళ్లలో ముంచి పొరను తడపండి. ముక్కు రంధ్రాల మీద పడనివ్వకండి.

మీ ఎనిమిదింటిలో ప్రభుత్వం వాళ్లు ఇచ్చిన వనరాజాలో, గ్రామప్రియలో ఉంటే వాటి గుడ్లు పొదగడానికి పెట్టకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన సంకర రకాలవి. వాటి పిల్లల్లో తల్లికున్న గుడ్ల దిగుబడి, బరువు అలాగే రావు. పదిలంగా మీ నాటు పెట్టల గుడ్లే పెట్టుకోండి.

ఖర్చు ఎంతవుతుందంటే, పెట్టె, ఫ్యాను పాతవి దొరికితే బోర్డు, అడాప్టరు, హోల్డర్లు, మీటరు కలిపి వెయ్యి, పదిహేను వందల లోపే. ఎలక్ట్రీషియన్ కూలి వేరు.

ఇంకొక మాట, మీ అత్తగారి పెట్ట గురించి. పొదిగిన పెట్ట పిల్లల్ని పెంచుకుంటూ రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు, అందుకే మీకు పెట్టె కావాలనిపించింది, అది న్యాయమే. కానీ పెట్టె పిల్లలకు రెక్క ఇవ్వలేదు. మొదటి వారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ బల్బు కింద పెంచాలి, రాత్రుళ్లు లేచి చూడాలి. దానికి బదులు ఈసారి మీ అత్త పెట్టను పొదిగేసిన రోజే మీ పెట్టెలోనూ గుడ్లు పెట్టండి. రెండూ ఒకే రోజు లేస్తాయి. మీ పిల్లల్ని ఒళ్లారేదాకా ఒక పూట పెట్టెలోనే ఉంచండి. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. చీకటి పడ్డాక, లైటు వెయ్యకుండా, ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పట్టుకుని పెట్ట రెక్క కిందికి వెనక నుంచి తోయండి. అది గొంతులో సన్నగా గుర్రుమంటుంది, అంతే. తెల్లారి గంప ఎత్తితే ఏది తను పొదిగిందో ఏది మీరు పొదిగారో దానికి తెలియదు, అన్నిటినీ ఒకే పిలుపుతో నూకల దగ్గరికి తీసుకుపోతుంది. పెద్ద పెట్ట పన్నెండు, పదిహేను పిల్లల దాకా కప్పగలదు, ఆ లెక్క చూసుకోండి. వారం లోపు పశువుల ఆసుపత్రిలో అడిగి కొక్కెర తెగులుకు మొదటి టీకా, కంట్లో వేసే చుక్కలు, అన్నిటికీ ఒకేసారి వేయించండి.